మూడో కుండ

కాళ్ళు దులుపుకుని పక్క ఎక్కు కుందనా. దిండు గోడ వైపు జరుపు. మూడోకుండ అంటే ఏమిటని అడిగావు కదా. ఆ మాటకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు రాదు. దానికో కథ ఉంది. మధ్యలో అడ్డం రానంటే చెబుతాను.

"వస్తే?"

వస్తే కథ ఆగిపోతుంది. నిద్ర మాత్రం ఆగదు. ఇక నీ ఇష్టం.

అనగనగా ఒక ఊరు. ఊరంటే కాస్త మట్టి ఉండాలి కదా, ఆ ఊళ్ళో మట్టి లేదు. ఎటు చూసినా బండే. అందుకే దాన్ని బండమీదపల్లె అనేవాళ్ళు. పదకొండు ఇళ్ళు, పదకొండు పొయ్యిలు, ఒకటే బావి.

ఆ బావిని వాళ్ళ ముత్తాతలు తవ్వారు. గడ్డపారకు లొంగే నేల కాదది. బండ మీద కంప పేర్చి మంట వేసేవాళ్ళు. రాయి ఎర్రగా కాలేదాకా ఆగేవాళ్ళు. అప్పుడు ఎంతో దూరం నుంచి మోసుకొచ్చిన చన్నీళ్ళు దాని మీద పోసేవాళ్ళు. రాయి టప్పుమని పగిలేది. ఆ పెచ్చు తీసి పారేసి, మళ్ళీ మంట. అలా మూడు ఎండాకాలాలు కాలిస్తే అడుగున నీళ్ళు కనబడ్డాయి.

ఆ తర్వాత బావి చుట్టూ నల్లరాతి ఒర కట్టారు. గిలక పెట్టలేదు. గిలక నిలబెట్టడానికి కొయ్య కావాలి, బండ మీద చెట్టేదీ? అందుకని తాడు రాయి మీదే రాసుకుంటూ పైకి వచ్చేది. నార తాడే కదా అనుకోకు. రోజూ ఒకే చోట రాసుకుంటే రాయి కూడా అరుగుతుంది. ఏ ఇంటివాళ్ళు తోడే చోటు ఆ ఇంటిదే కాబట్టి, ఒక్కో ఇంటికి ఒర మీద ఒక్కో గాటు పడింది.

పదకొండు ఇళ్ళకు ఎన్ని గాట్లు ఉండాలి?

"పదకొండు."

పన్నెండు ఉన్నాయి. ఆ పన్నెండోది బాట వైపు ఉండేది. మిగిలిన గాట్లన్నీ వేలు పట్టేంత ఉంటే, అది మణికట్టు పట్టేంత ఉండేది. అది ఏ ఇంటిదీ కాదు. అంత లోతు గాటు ఎవరిదై ఉంటుంది? బావికి మొదటి మంట వేసిన పెద్దతాతదే అయి ఉంటుందని ఎవరో అన్నారు. అందరూ అవునన్నారు. అప్పటి నుంచి దానికి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. ఒట్టు వేయాలంటే ఆ గాటులో చెయ్యి పెట్టి వేసేవాళ్ళు. అందులో తాడు మాత్రం ఎవరూ వేసేవాళ్ళు కాదు.

ఆ ఊళ్ళో ఒక తిట్టు ఉండేది. మూడోకుండ. ఆరబోసిన కొర్రల మీదికి వచ్చిన గొర్రె మూడోకుండ. పెళ్ళి పందిట్లో ముందు వరసలో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి మూడోకుండ. మూడు పూటలు దాటినా కదలని అల్లుడు మూడోకుండ. ఎవరూ పిలవకుండా వచ్చి, పొమ్మన్నా పోని ప్రతిదానికీ అదే పేరు.

మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. పిల్లలైతే అదేదో జంతువు అనుకునేవాళ్ళు. మూడు కొమ్ములు ఉంటాయని ఒకడు చెప్పేవాడు. కొమ్ములు కావు, కడుపులు మూడు అని ఇంకొకడు.

అప్పుడు ఒక ఎండాకాలం పొద్దున, బాట మీద ఒక మనిషి కనబడింది. పేరు సుంకులమ్మ. నున్నబడిపోయిన తిరగళ్ళను ఉలితో గరుకు చేయడం ఆమె పని. భుజానికి సంచి, సంచిలో ఉలీ సుత్తీ, ఒక చేంతాడు, ఒక చిన్న బొక్కెన. చేతిలో ఖాళీ ముంత. చంకలో అయిదేళ్ళ కూతురు గంగి.

గంగి కాలికి తుమ్మముల్లు గుచ్చుకుని మూడు రోజులైంది. కాలు గుమ్మడిపిందెలా పొంగింది. ఒళ్ళు కాలిపోతోంది. తోలుతిత్తిలో నీళ్ళు నిన్ననే అయిపోయాయి. ఈ ఊరు దాటితే మళ్ళీ నీళ్ళున్న చోటు రెండు పగళ్ళ నడక. ఇక్కడ నీళ్ళు దొరక్కపోతే గంగి అక్కడిదాకా రాదు. ఆ సంగతి సుంకులమ్మకు తెలుసు. అడుగు తీసి అడుగు వేసేటప్పుడల్లా తెలుసు.

మొదట ఆమె ఓబన్న ఇంటికి వెళ్ళింది. ఓబన్న ఊరికి పెద్ద. ఆయన్ను పెద్దగా ఉండమని ఎవరూ అనలేదు. గొంతు పెద్దది, అంతే.

"అన్నా, బిడ్డకు ముంతెడు నీళ్ళు పోస్తావా?"

ఓబన్న ఆమెను ఎగాదిగా చూశాడు. "యాడి నుంచి?"

"ఆ కొండ అవతల నుంచి. మా వంకలో నీళ్ళన్నీ ఎండిపోయినాయి."

"మీ వంక ఎండితే మా బావి దొరికిందా? ఒరే, వచ్చిందిరో మూడోకుండ! ఇయ్యాల ఇద్దరికి పోస్తే రేపు ఇరవై మంది దిగుతారు."

"ఇరవై మంది లేరన్నా. మిగిలింది మేమిద్దరమే."

 ఆ మాటకు ఓబన్న బాట వైపు చెయ్యి చూపించాడు.

ఆ తర్వాత లచ్చుమక్క ఇంటికి వెళ్ళింది. లచ్చుమక్క పిల్లను చూసింది, కాలును చూసింది. అయ్యో అంటూ కడవ మీద చెయ్యి వేసింది. అప్పుడే ఎదురింటి కిటికీలో ఎవరిదో తల కనబడింది. చెయ్యి వెనక్కి వచ్చింది.

"ఇయ్యకూడదని కాదమ్మా. ఇస్తే ఊరంతా మా ఇంటినే అంటారు."

తలుపు మెల్లగా వేసింది. గట్టిగా వేయడానికి ఆమెకు మనసు రాలేదు. మెల్లగా వేసినా తలుపు తలుపే.

అక్కడి నుంచి కాశప్ప ఇంటికి వెళ్ళింది. కాశప్ప వారం వారం సంతకు పోయేవాడు. సంతలో బండి ఎక్కి మాట్లాడేవాళ్ళ మాటలన్నీ విని, మూటకట్టి తెచ్చుకునేవాడు. సుంకులమ్మ నోరు తెరవకముందే పిడికిలి ఎత్తాడు.

"నీళ్ళు అందరివీ! దాహానికి పొలిమేర లేదు! గొంతు తడవని చోట ధర్మం లేదు!"

సుంకులమ్మకు ప్రాణం లేచొచ్చింది. ముంత ముందుకు చాపింది.

"ఉండు ఉండు," అన్నాడు కాశప్ప. "మా తిరగలి నున్నబడి నాలుగు నెలలైంది. పిండి పడటం లేదు. అది గరుకు చేసిపెట్టు, అప్పుడు పోస్తా."

"తిరగలి చేస్తా అన్నా. దానికి దోసెడు కొర్రలు ఇయ్యి. బిడ్డ దప్పికకూ తిరగలికీ ఏం సంబంధం? ముందు పొయ్యి."

"ఊరికే పోస్తే నీ గౌరవం ఏం కావాలమ్మా? నేను నీ గౌరవం కోసమే చెప్తాండా."

"నా గౌరవం నేను చూసుకుంటాలే. దానికి దాహం లేదు."

కాశప్ప పిడికిలి దించలేదు, కడవా ఎత్తలేదు.

అప్పుడు సుంకులమ్మ ఇక ఎవరినీ అడగలేదు. నేరుగా బావి దగ్గరికి వెళ్ళింది. పొద్దున వేళ కదా, పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళూ పదకొండు చోట్ల నిలబడి తోడుతున్నారు. గంగిని ఒర నీడలో పడుకోబెట్టింది. తన చేంతాడు తీసి బొక్కెనకు కట్టింది. నున్నటి రాయి మీద వేస్తే తాడు పక్కకు జారిపోయింది. చుట్టూ చూసింది. బాట వైపు ఒక్క చోటే ఖాళీగా ఉంది. అక్కడి గాటు లోతుగా ఉంది. తాడుకు ఇంతకంటే మంచి దారి ఏముంటుందనుకుని, అందులో వేసింది.

ఆడవాళ్ళందరూ ఒక్కసారే కేకలు వేశారు.

"పెద్దతాత గాటులో! పెద్దతాత గాటులో తాడు వేసింది!"

ఓబన్న కొడవలి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఒక్క వేటు. తాడు తెగింది. బొక్కెన బుడుంగుమంటూ నీళ్ళలో పడింది. సుంకులమ్మ చేతిలో మూరెడు తాడు మిగిలింది.

"పాపం గంగి!"

పాపమే. అయితే విను.

అందరూ గుమిగూడారు. ఓబన్న ఒర ఎక్కి నిలబడి అరిచాడు.

"మన బావి!"

"మనకే!" అన్నారు జనం.

"మన తాత!"

"మనకే!"

"మన నీళ్ళు!"

"మనకే!"

ఆ కేకలు కూడా సంతలోవే. అక్కడ ఎవరి మీద అరిచారో, ఎందుకు అరిచారో వీళ్ళు కనుక్కోలేదు. గొంతుకు బాగా కుదిరాయని తెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఓబన్న దిగి, లోతు గాటులో చెయ్యి పెట్టాడు. "ఈ గాటు మీద ఒట్టు. ఈ ఊళ్ళో పుట్టనివాళ్ళ గొంతులోకి ఈ బావి నీళ్ళు ఒక్క చుక్క దిగవు!"

అప్పుడు ఎవరో నవ్వారు.

ఎవరా అని అందరూ తిరిగి చూశారు. చెన్నవ్వ. ఊళ్ళో అందరికన్నా పెద్దది. పక్క ఇంటి నీడలో కూర్చుని చేటలో కొర్రలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"ఏందవ్వా, దేనికి నవ్వుతాండావు?" అన్నాడు ఓబన్న.

"ఏం లేదురా ఓబా. ఏమ్మా కోడళ్ళూ, మీలో ఎవరెవరు ఈ ఊళ్ళో పుట్టినారే?"

పదకొండు మంది ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కరూ లేరు. అందరూ పెళ్ళయి వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఒక్కొక్కరే తాళ్ళు వదిలేశారు. అందరికన్నా ముందు వదిలింది ఓబన్న భార్య సాలమ్మ.

"ఏమే, తాడు పట్టుకో!" అన్నాడు ఓబన్న.

"నువ్వే ఒట్టు పెట్టినావు కదయ్యా. నాది ఈ ఊరు కాదు. నా గొంతులోకి దిగవంట. నీకు కావాలంటే నువ్వే తోడుకో."

"పెళ్ళి చేసుకుని వచ్చినోళ్ళు వేరు!"

"ఒట్టులో ఆ ముక్క లేదే."

మగవాళ్ళు కొందరు తల దించుకుని నవ్వారు. ఓబన్నకు మండిపోయింది. "పెద్దతాత గాటు ముందర నవ్వులాట ఏంది!"

"అది పెద్దతాత గాటు కాదురా," అంది చెన్నవ్వ.

నవ్వులు ఆగిపోయాయి.

చెన్నవ్వ చేట కింద పెట్టింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. మెల్లగా నడిచి ఒర దగ్గరికి వచ్చింది.

"మీ పెద్దతాత గాటు మీ ఇంటి గాటే. అదిగో, సాలమ్మ నిలబడిన చోటు. పొద్దున రెండు కుండలు తోడుకుని ఇంటికి పోయేవాడంట, అందుకే అది అంతే లోతుంది. ఇది, నువ్వు చెయ్యి పెట్టి ఒట్టు పెట్టినావే, ఇది మూడోకుండది."

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు చెన్నవ్వ చెప్పింది.

"నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు ప్రతి ఇంట్లో మూడు కుండలు ఉండేవి. మొదటిది ఇంటికి. రెండోది గొడ్లకు. మూడోది బాటకు. దారిన ఎవరొస్తే వాళ్ళకు. మొదటి రెండూ ఎవరి తాడుతో వాళ్ళు తోడేవాళ్ళు. మూడోది మాత్రం సొంత తాడుతో తోడకూడదు. తోడితే, నేను పోసినానని గుర్తుంటుంది. ఆ గుర్తు తాగేవాడి గొంతుకు అడ్డం పడుతుంది. అందుకని ఇంటికొక పాయ ఇచ్చి, పదకొండు పాయల తాడు ఒకటి పేనినారు. పదకొండు ఇళ్ళవాళ్ళూ ఇదే చోట నిలబడి, ఆ తాడుతోనే బాట కుండలు నింపేవాళ్ళు. రోజుకు పదకొండు కుండలు. రాయి అరగకుండా యాడికి పోతుంది?"

"మరి మూడోకుండ అని తిడతారే?" అని లచ్చుమక్క అడిగింది.

"తిట్టు కాదు పిల్లా అది. దూరాన ఎవరైనా కనబడితే పిల్లలు ఎదురు పరుగెత్తేవాళ్ళు. 'మూడోకుండ వచ్చినాడు, మూడోకుండ వచ్చినాడు' అని. ఆ కుండ ఎవరిదో వాడొచ్చినాడని. ఆ తర్వాత మూడేళ్ళు వాన లేదు. మొదటి ఏడు బాట కుండ సగమే నింపినాము. రెండో ఏడు బోర్లించినాము. మూడో ఏడు తాడు విప్పి, ఎవరి పాయ వాళ్ళు ఇంటికి పట్టుకుపోయినాము. మళ్ళీ వానలొచ్చినాయి. తాడు రాలేదు. మాట మాత్రం నాలుక మీద ఉండిపోయింది. ముందు ఎదురుపోయి అన్న మాటనే, తలుపేసేటప్పుడు అన్నాము. అంతే."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం అవ్వా?" అన్నాడు కాశప్ప.

"ఎట్ల చెప్పేది? నా పాయ నేను కూడా పట్టుకొచ్చుకున్నా కదా."



ఓబన్న ఒప్పుకోలేదు. "ముసలిదానికి మతి పోయింది. ఇదంతా నిజమని రుజువేంది?"

"రాయే రుజువు. మీ ఇంటి తాడు మూడు పాయలది. అందులో వేసి చూడు."

వేసి చూశారు. పెద్దవాళ్ళ చెప్పులో పసిపిల్ల కాలు పెట్టినట్టు అటూ ఇటూ ఆడింది.

"పదకొండు పాయలు పేని వేయండి. కూర్చుంటే నా మాట నిజం. కూర్చోకపోతే నాదీ ఆ తల్లీబిడ్డలదీ ఒకటే దారి. నేనూ పోతా."

అప్పుడు మొదట కదిలింది లచ్చుమక్క. ఇంటికి పరుగెత్తి ఒక కిత్తనార పాయ తెచ్చింది. ఈసారి ఏ కిటికీలోకీ చూడలేదు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు తెచ్చారు. కాశప్ప పాయ పదోది. ఇచ్చేముందు, ఒక్క పాయ గట్టిది కాదు, పది పాయలు కలిస్తేనే బలం అని కాసేపు మాట్లాడాడు. చేతిలోది ఇటియ్యి నాయనా ముందు, అని ఎవరో లాక్కున్నారు.

ఓబన్న పాయ తేలేదు. పరుగున ఇంటికి వెళ్ళి, నార కట్ట మొత్తం అరుగు మీదికి లాగి, దాని మీదే కూర్చున్నాడు.

"ఇది నా నార. దీని మీద నేను కూర్చున్నా. లేపండి చూద్దాం!"

"అమ్మమ్మా, లేపారా?"

లేపలేదు. బరువు మనిషి. పది పాయలతోనే తాడు పేనారు. నార తడపడానికి సాలమ్మ తన కుండలోని నీళ్ళు చల్లింది. ఆ చేత్తోనే కొంగు ముంచి గంగి పెదవులు తడిపింది. అందరూ చూడనట్టు ఊరుకున్నారు.

తాడు తెచ్చి గాటులో వేశారు. దాదాపు కూర్చుంది. కానీ పక్కన సన్నటి సందు. లాగితే కదిలింది.

"చూసినారా!" అని ఓబన్న అరుగు మీద నుంచి కేక వేశాడు. "కూర్చోలేదు! పట్టలేదు! ముసలిదాన్ని కూడా సాగనంపండి!"

 చెన్నవ్వ సందులో వేలు పెట్టి చూసింది. ఒక్క పాయ సందు. ఆ పాయ అరుగు మీద ఓబన్న కింద ఉంది.

సుంకులమ్మ ఇంతసేపూ కూతురి పక్కనే కూర్చుని ఉంది. ఆమె చేతిలో కొడవలికి తెగిన తాడు ముక్క ఇంకా అలాగే ఉంది. ఆమె దాని పురి విప్పింది. తర్వాత లేచి వచ్చి, ఆ నారంతా సాగదీసి, ఒక పాయగా చేతికిచ్చింది.

"మూరెడే ఉంది అవ్వా. చాలుతుందా?"

"రాయి మీద కూర్చునేది ఆ మూరెడే తల్లీ," అంది చెన్నవ్వ.

పది పాయల తాడుకు పదకొండోది, గాటు మీద ఆనే చోట బిగించి పేనారు. మళ్ళీ గాటులో వేశారు.

తాడు చప్పుడు లేకుండా కూర్చుంది. అటు కదల్లేదు, ఇటు కదల్లేదు. ఎన్నో ఏళ్ళు ఎండిన గాటులో పచ్చి నార తేమ దిగి, పసుపు కరిగి, కింద నల్లరాయి కనబడింది.

సాలమ్మ తన బొక్కెన విప్పి ఆ తాడుకు కట్టింది. పదకొండు మంది ఆడవాళ్ళూ ఆ ఒక్క చోటికే వచ్చారు. అంతమంది అక్కర్లేదు, ఇద్దరు చాలు. అయినా అందరూ చెయ్యి వేశారు.

నీళ్ళు పైకి వచ్చాయి. సుంకులమ్మ ముంతలో పోశారు. గంగి మొదటి గుక్క బయటికి కక్కింది. రెండో గుక్క సగం మింగింది. మూడో గుక్కకు ముంతను రెండు చేతులా పట్టుకుంది. ముంత దించాక, చుట్టూ ఉన్న మొహాలు చూసి, "ఇంకా" అంది.

ఆ తర్వాత చెన్నవ్వ పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని వేడినీళ్ళతో కాపడం పెట్టింది. మూడో రోజుకు ముల్లు బయటికి వచ్చింది.

అది సరే. ఓబన్న సంగతి చెప్పాలి కదా.

ఓబన్న నార కట్ట మీద నుంచి లేచాడు. పంచె దులుపుకున్నాడు. బావి దగ్గర గుంపును చూసి, "సరిపోయింది. ఊరు ఊరంతా పోయి మూడోకుండకు మొక్కండి!" అని వెక్కిరించాడు.

సుంకులమ్మ ఆయన వైపు తిరిగింది. కోపంగా లేదు, వినయంగా లేదు. దారి అడిగినట్టు అడిగింది.

"మూడోకుండ అన్నావు కదన్నా. యాడుంది కుండ?"

"ఏం కుండ?"

"ఆ మాట అన్నవాళ్ళ దగ్గర కుండ ఉండాలంట కదా. నిండు కుండ. యాడ?"

"అవును కదా," అంది సాలమ్మ. "యాడయ్యా కుండ?"

"యాడ మామా కుండ?" అన్నారు పిల్లలు. పిల్లలకు ఇలాంటివి చెప్పాలా? ఆ రోజు సాయంత్రం దాకా ఆయన వెంటపడి అదే పాట. చివరికి ఆ గోల పడలేక, ఓబన్న ఒక కుండ తీసుకుని బావికి వెళ్ళి, పదకొండు పాయల తాడుతో తోడి, బాట పక్కన పెట్టాడు. పగిలిపోవాలన్నంత కోపంగా పెట్టాడు. కుండ పగల్లేదు.

అప్పటి నుంచి ఆ ఊళ్ళో అదే కట్టుబాటు. మూడోకుండ అన్న మాట ఎవరి నోట వస్తే, వాళ్ళు పోయి బాట కుండ నింపాలి. కాశప్ప దాన్ని కూడా ఒక నినాదం చేశాడు. నినాదంలో ఆ మాట మూడుసార్లు వచ్చింది. మూడు కుండలు నింపమన్నారు. ఆ నినాదం మళ్ళీ వినబడలేదు.

సుంకులమ్మా గంగీ ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఉండమని ఎవరూ దయ తలచలేదు, పొమ్మని ఎవరూ అనలేదు. ఉన్నారు, అంతే. పనికి తిరగలి, తిరగలికి కొర్రలు. నీళ్ళకు మాత్రం ఏ లెక్కా లేదు.

ఓబన్న మాత్రం అలవాటు మానుకోలేకపోయాడు. పొద్దున పెరట్లోకి గొర్రె వస్తే "ఛీ, మూడోకుండ!" అనేవాడు. ఒక కుండ. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఈగ వాలితే "మూడోకుండ!" ఇంకో కుండ. సాయంత్రం అల్లుడు గుమ్మంలో కనబడితే, నోరు మూసుకుందామనుకుని కూడా అనేసేవాడు. ఇంకో కుండ. ఊళ్ళో అందరూ కలిసి నింపిన దానికన్నా ఆయన ఒక్కడు నింపిందే ఎక్కువ. అరచేతులు కాయలు కాశాయి.

"మరి ఆయన మంచివాడైపోయాడా అమ్మమ్మా?"

అది నాకు తెలియదు తల్లీ. ఆయన మనసు మారిందో లేదో ఎవరూ తొంగి చూడలేదు. మారేదాకా ఆగుదామని కూడా ఎవరూ అనుకోలేదు. దారిన పోయేవాళ్ళు వచ్చి కుండలో ముంత ముంచితే, నీళ్ళు తగిలేవి.

కథ నడిచింది కంచికి,
నీళ్ళు చేరాయి అంచుకి,
కునుకు దిగింది కంటికి,
ఎవరైనా రావచ్చు మన ఇంటికి.